వెచ్చని పనిశాల

ఆదిలాబాదు సీమ కొండలకును అడవులకును నెలవు. అచట పుష్యమాసపు రాత్రులు మిక్కిలి చల్లనివి. కొన్ని యేండ్లలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియసుకంటెను తగ్గుచుండును. గొంగడి కప్పుకొని నెగడు ప్రక్కన కూర్చున్నవానికి ఆ చలి వేడుకగ తోచవచ్చును. చేతిపనివానికి మాత్రము అది పరీక్ష. వ్రేళ్లు కొంకర్లు పోయినచో పని సాగదు. పని సాగనినాడు రాబడి లేదు.

2016వ సంవత్సరమున ఆదిలాబాదునుండి విడివడిన కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, జైనూరు మండలమున ఉషేగావ్ అను పల్లె కలదు. అచటి ఓజాలు గోండుల దేవతామూర్తులను, గంటలను, నగలను ఇత్తడితో పోతపోయుదురు. ఆదిలాబాదు డోక్రా అను పేర ఈ పనితనమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మట్టిముద్దపై తేనెమైనపు తీగలను చుట్టి వారు బొమ్మను తీర్చుదురు. దానిపై మరల మట్టి పూసి కాల్చగా మైనము కరగిపోవును. ఆ ఖాళీలో కరగిన ఇత్తడి నిండును.

ఈ పనికి చలి శత్రువు. చలికి మైనము బిగిసి, వంచబోయినంతనే పుటుక్కున విరుగును. మైనములోని లోపము ఇత్తడిలో శాశ్వతముగ నిలిచిపోవును. కావున వ్రేళ్లకును మైనమునకును కూడ వెచ్చదనము కావలెను.

ఆ ప్రాంతపు పాకలను చూచినప్పుడెల్ల నాకొక సంగతి స్ఫురించుచుండును. వేడిని పుట్టించుట సులభము, నిలుపుట కష్టము. వెచ్చని గాలి తేలికయై పైకెగసి, పెంకుల సందులగుండ వెడలిపోవును. దాని చోటికి క్రింది సందులనుండి చలిగాలి వచ్చును. అందుచేతనే వెదురు తడకలకు మట్టియు పేడయు కలిపి మెత్తుదురు. కప్పు క్రింద జొన్నచొప్ప పరచినచో ఇంకను మేలు. చొప్పలో చిక్కుకొని కదలని గాలి వేడిని త్వరగా పోనీయదు. గొంగడి మనలను కాపాడుటయు ఇట్లే. నేలపై కూర్చుండి పనిచేయువాడు చాప క్రింద గోనెపట్టా పరచుకొనవలెను. అటుపిమ్మట చేతిదాపున చిన్న కుంపటి చాలును.

అయితే సందులన్నియు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాంతకము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు మరల లేవకపోవచ్చును. కావున పైన ఒక గవాక్షమును, తలుపున కొంత సందును విడువవలెను. పరుండుటకు ముందు కుంపటిని వెలుపల నుంచవలెను.

ఓజా పనివాడు ఈ మర్మమును తన పనిలోనే ఎరుగును. మూసను మట్టితో ఎంత గట్టిగ కప్పినను, మైనము వెడలుటకు ఒక దారి విడిచియే కప్పును.