‘డిస్క్ చెడిపోయింది’ అనే ముందు

ఇంట్లో ఏదైనా యంత్రం మొరాయిస్తే మనలో చాలామంది విచారణకు ముందే తీర్పు చెప్పేస్తారు. ‘డిస్క్ చెడిపోయింది, పారేయండి’ అంటారు ఒకరు. ‘ప్లేయర్ పని అయిపోయింది, కొత్తది తెండి’ అంటారు మరొకరు. ఆ రెండు తీర్పుల నడుమ ఒక్క ప్రశ్న కూడా వినిపించదు.

హదీసు విద్య అభ్యసించే విద్యార్థికి తొలినాళ్లలోనే మేము ఒక క్రమశిక్షణ నేర్పుతాము. ఒక ఉల్లేఖనం మన దాకా ఎవరెవరి ద్వారా చేరిందో ఆ పరంపరను ఇస్నాద్ అంటారు. అందులో సందేహం కలిగితే ఒక్కొక్క ఉల్లేఖకుణ్ణి విడిగా పరిశీలించి, లంకె ఎక్కడ తెగిందో కనుగొనాలి. తహ్ఖీఖ్ లేకుండా తీర్పు చెప్పరాదు. ధార్మిక విద్య గాంభీర్యాన్ని ఇంట్లోని యంత్రంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆలోచించే పద్ధతిగా ఇది ఎక్కడైనా అక్కరకు వస్తుంది. డిస్క్ ప్లేయర్‌లోనూ ఒక పరంపర ఉంది: డిస్క్, దాన్ని చదివే కటకం, చదివినదాన్ని అర్థం చేసుకునే భాగం, తీగలు, చివరికి టీవీ. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి తప్పినా మనకు కనిపించేది అదే నల్లని తెర.

ఫోన్ల కాలంలో ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. దయచేసి మీ బీరువా పై అర ఒకసారి చూడండి. నిఖాహ్ వీడియోలు, పిల్లల బిస్మిల్లాహ్ వేడుకలు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల ప్రసంగాలు, నానీ చెప్పిన సుద్దులు అక్కడ ప్లాస్టిక్ పెట్టెల్లో ఉంటాయి. అవి మరే దుకాణంలోనూ దొరకవు. తొందరపాటు తీర్పుతో పారేస్తే పోయేది డిస్క్ మాత్రమే కాదు.

మొదటి లంకె డిస్క్. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీ వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. సమాచారం మధ్య నుంచి అంచు వైపు సాగే ఒకే సర్పిలాకారపు దారిలో ఉంటుంది. కనుక మొదట్లో చక్కగా ఆడి, చివరిలో ఆగిపోయే డిస్క్‌ను చూస్తే అంచుల దగ్గర వేలిముద్రలేమైనా ఉన్నాయేమో పరిశీలించాలి. మెరిసే వైపు గీతలు పడితే కంగారు పడతాము గానీ సీడీకి అసలు ప్రమాదం పేరు రాసి ఉండే పై వైపే. సమాచారపు పొర ఆ రాతకు సరిగ్గా కిందనే, పలుచని పూత చాటున ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితాన్ని పీకినా ఆ పొర దెబ్బతింటుంది. డీవీడీలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల నడుమ భద్రంగా ఉంటుంది.

తుడిచేటప్పుడు మెత్తని నూలుగుడ్డను కాస్త తడిపి, మధ్య నుంచి అంచుకు నిట్టనిలువుగా తుడవాలి. గుండ్రంగా తిప్పరాదు. అలా తిప్పినప్పుడు పడే గీత సమాచారపు దారి వెంటే సాగి, వరుసగా ఉన్న అంశాలను ఒక్కపెట్టున చెరిపేస్తుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి భాగాన్నే తాకుతుంది. అంతటి నష్టాన్ని పూరించుకునేందుకు డిస్క్‌లోనే అదనపు సమాచారం రాసి ఉంటుంది.

రెండో లంకె కటకం. దీన్ని తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. బాగా ఆడుతుందని తెలిసిన మరో డిస్క్‌ను మీ ప్లేయర్‌లో పెట్టండి. ఆడని డిస్క్‌ను వేరొకరి ప్లేయర్‌లో పెట్టండి. మంచి డిస్క్ కూడా మీ ప్లేయర్‌లో ఆడకపోతే లోపం ప్లేయర్‌ది. డీవీడీలు ఆడుతూ సీడీలు మాత్రం ఆడకపోయినా ఆశ్చర్యపడనక్కరలేదు. సీడీని 780 నానోమీటర్ల కిరణంతోనూ, డీవీడీని 650 నానోమీటర్ల కిరణంతోనూ చదువుతారు. ఒకటి బలహీనపడినా మరొకటి పనిచేయవచ్చు. ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి తెచ్చిన ప్లేయర్ కటకం మీద తేమ పేరుకుంటుంది. దాన్ని ఒక గంట వదిలేస్తే ఆరిపోతుంది. ఒక హెచ్చరిక: కరెంటు ఉండగా ప్లేయర్ మూత విప్పి లోపలికి తొంగి చూడకండి. సీడీని చదివే కిరణం కంటికి దాదాపు కనిపించదు, కానీ కంటికి హాని చేయగలదు.

మూడో లంకె అర్థం చేసుకోవడం. ఎక్కువ అపోహలు ఇక్కడే. డిస్క్ పాడవడం వేరు, ప్లేయర్‌కు ఆ డిస్క్ భాష రాకపోవడం వేరు. ఉర్దూ చదవలేనివాడు ఉర్దూ పుస్తకాన్ని చూసి ‘ఇది చిరిగిపోయింది’ అంటే ఎలా ఉంటుంది?

ఆడియో సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది, కనుక ఒక డిస్క్‌లో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. ఎంపీ3 అనేది కుదించే పద్ధతి. చెవి గుర్తించదనుకున్న అంశాలను వదిలేసి, సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున నిమిషం ధ్వనిని సుమారు ఒక ఎంబీలో సర్దుతుంది. ఆడియో సీడీ మాత్రమే తెలిసిన పాత ప్లేయర్‌లో ఎంపీ3 డిస్క్ పెడితే అది మౌనం వహిస్తుంది. అందులో డిస్క్ దోషం లేదు.

ఈ కుదింపు లెక్క నాకు వృత్తిరీత్యా ముఖ్యమైంది. తజ్‌వీద్ నేర్పేవాడిని కనుక విద్యార్థులు ఏ డిస్క్ విని సాధన చేస్తున్నారో అడిగి తెలుసుకుంటాను. ముప్ఫై పారాలూ ఒకే సీడీలో ఉన్నాయని కొందరు సంతోషంగా చూపిస్తారు. ముప్ఫై గంటల పఠనం 700 ఎంబీలో ఇమడాలంటే సెకనుకు 50 కిలోబిట్ల పైచిలుకు మాత్రమే దక్కుతుంది. అంతగా నొక్కిన ధ్వనిలో ముందుగా మసకబారేవి సన్నని, పదునైన ధ్వనులు. సీన్, సాద్, సా అనే మూడు అక్షరాల తేడా ఆ పదునులోనే ఉంది కదా! పరిచితమైన సూరాలను పనిచేసుకుంటూ వినడానికి ఆ డిస్క్ చాలు. ఉచ్చారణ నేర్చుకునే బిడ్డకు మాత్రం తక్కువ కుదించినది ఇవ్వాలి, లేదా ఉస్తాద్ ఎదుట కూర్చోబెట్టాలి.

వీడియో సంగతీ ఇంతే. 1993లో వచ్చిన వీసీడీలో బొమ్మ మన దేశపు పద్ధతిలో 352 బై 288 చుక్కలది, దాని కుదింపు ఎంపెగ్-1. డీవీడీది 720 బై 576 చుక్కలు, ఎంపెగ్-2, ఒక పొరకు 4.7 జీబీ. ఒకే సినిమాకు వీసీడీలు రెండు మూడు కావలసి రావడానికి కారణం ఇదే.

నిరుడు మా వీధిలోని ఒక సోదరి ఒక డిస్క్ తెచ్చి చూపించింది. ఆమె భర్త మరణించి అయిదేళ్లు. ‘దుకాణంలో చూపించాము హజ్రత్, పాడైపోయింది, పారేయమన్నారు. బిడ్డ నిఖాహ్ దగ్గర పడింది. వాళ్ల అబ్బా గొంతు దానికి ఒక్కసారి వినిపిద్దామని నా ఆశ’ అన్నది. డిస్క్ మీద గీత లేదు. ప్లేయర్‌లో పెడితే ఫైలు పేరు తెరపై కనిపిస్తోంది, నొక్కితే మాత్రం ‘చేతకాదు’ అన్న సందేశం వస్తోంది. పేరు చదవగలిగిందంటే కటకమూ డిస్కూ రెండూ బాగున్నట్టే. ‘కానీ ఏవీఐ ఫైళ్లు ఇందులో ఇంతకు ముందు ఆడాయి హజ్రత్, ఇదీ ఏవీఐ కదా’ అన్నాడు ఆమె కుమారుడు. మంచి ప్రశ్న. ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అనేవి గిలాఫుల వంటివి. గిలాఫు ఒకటే అయినా లోపలి గ్రంథం అరబీలో ఉండవచ్చు, తెలుగులో ఉండవచ్చు. లోపలి భాషను కోడెక్ అంటారు. పాత ఫైళ్లలో ఉన్నది డివ్‌ఎక్స్, అది ఆ ప్లేయర్‌కు తెలుసు. ఈ ఫైలులో ఉన్నది హెచ్.264, అది ఆ ప్లేయర్‌కు తెలియదు.

మదర్సా కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే మొదటి ప్రయత్నంలోనే ఆడింది. దాన్ని డీవీడీ పద్ధతిలోకి మార్చి, మరో డిస్క్‌లో రాసి ఇచ్చాము. అందులో ఆ తండ్రి తన చిన్నారి కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని సూరె ఫాతిహా చెప్పిస్తున్నాడు. పారేయమన్న డిస్క్ అది.

విదేశాల నుంచి వచ్చే డీవీడీలతో మరో చిక్కు ఉంది. సినిమాలవంటి ముద్రిత డీవీడీలకు ప్రాంతసంఖ్య ఉంటుంది. మన దేశానిది 5, సౌదీ, ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశాలది 2, అమెరికాది 1. జిద్దా నుంచి మామూజాన్ తెచ్చిన పిల్లల డీవీడీ ఇక్కడ ‘ప్రాంతం సరికాదు’ అంటే అది లోపం కాదు, తయారీదారులు పెట్టిన తాళం. ఇంట్లో రాసుకున్న డిస్క్‌లకు మామూలుగా ఈ తాళం ఉండదు. అయితే అమెరికా బంధువులు పంపిన వేడుక డిస్క్‌లో బొమ్మ నలుపు తెలుపుగానో, కిందికి జారుతూనో కనిపిస్తే కారణం వేరు. అక్కడి పద్ధతి సెకనుకు దాదాపు 30 బొమ్మల ఎన్‌టీఎస్‌సీ, మనది 25 బొమ్మల పాల్. ప్లేయర్ సెట్టింగులలో టీవీ పద్ధతిని మార్చి చూడాలి.

చివరి లంకెలు తీగలు, టీవీ. ధ్వని వస్తూ బొమ్మ రాకపోతే పసుపు పిన్ను, బొమ్మ వస్తూ ధ్వని రాకపోతే ఎరుపు, తెలుపు పిన్నులు చూడాలి. టీవీలో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూడాలి. అన్నీ సరిగా ఉన్నా ధ్వని రాకపోతే డిస్క్ మెనూలో డీటీఎస్ ఎంపికై ఉందేమో గమనించండి. దాన్ని విప్పలేని ప్లేయర్లు చాలా ఉన్నాయి. డాల్బీ లేదా స్టీరియో ఎంచుకుంటే సరిపోవచ్చు. మాటలు మెల్లగా, వెనుక ధ్వనులు పెద్దగా వినిపిస్తే కారణం 5.1 ధ్వని. అందులో మాటలు మధ్య స్పీకర్‌కు కేటాయించి ఉంటాయి, మీకు ఉన్నవి రెండే స్పీకర్లు. సెట్టింగులలో రెండు ఛానళ్లకు మార్చుకుంటే మాటలు స్పష్టమవుతాయి.

ఇంట్లో రాసిన డిస్క్‌లు శాశ్వతం కావు. వాటిలో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది, ఎండకూ వేడికీ ఆ పొర క్షీణిస్తుంది. అటువంటి డిస్క్‌లను కిటికీ దగ్గర ఉంచకుండా, పెట్టెలో నిలువుగా, చీకటి అరలో ఉంచాలి. ఈ నెలలోనే ఒక సాయంత్రం వాటిని కిందికి దించి, ఏ డిస్క్‌లో ఎవరు ఉన్నారో, ఏ సంవత్సరానిదో పెట్టె కాగితం మీద రాయండి. కంప్యూటర్ తెలిసిన పిల్లలతో హార్డ్ డిస్క్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి రెండు ప్రతులు తీయించండి. ఉన్న ఫైలును ఉన్నట్టే ప్రతి తీయమని మరీ మరీ చెప్పండి. మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత ధ్వని, కొంత బొమ్మ తగ్గిపోతాయి.

పెద్దల గొంతులు మన దగ్గర ఉన్న అమానత్. అయిదు లంకెలనూ పరీక్షించాక కూడా డిస్క్ పలకకపోతే అప్పుడు అనండి, చెడిపోయిందని. అంతవరకు ఆ మాటను వాయిదా వేయండి.