పదకొండు ఓటముల ఊళ్లో

2023 నవంబరు 6, సోమవారం. శాన్‌హోసేలో లైట్‌రైలు ఎక్కి ఒక స్టేషన్ ముందే దిగిపోయాను. దిగాక తెలిసింది, తప్పు ఒక్కటి కాదు రెండని. ముందురోజు తెల్లవారుజామున ఇక్కడివాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పేసుకున్నారు. నా చేతిగడియారానికి ఆ కబురు అందలేదు. "నాలుగింటికి హాకీ హాలు టికెట్ల కౌంటరు దగ్గరుంటా మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు. నేను మూడింటికే దిగాను. గంట ముందు ఎక్కడికైనా చేరడం నా జన్మలో ఇదే మొదలు.

వచ్చింది ఐస్ హాకీ కోసం. హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి, తెల్లబంతి. ఇక్కడ బంతే లేదు, మూడంగుళాల వెడల్పున్న నల్ల రబ్బరు బిళ్ళ. దాన్ని ఆటకు ముందు ఫ్రీజర్లో గడ్డకట్టిస్తారట, ఎగరకుండా జారాలని. మనం క్యారమ్ బోర్డుకి పౌడరు చల్లడంలాంటిదే అనుకుని సరిపెట్టుకున్నాను.

దారి అడుగుతూ శాన్‌పెడ్రో స్క్వేర్ మార్కెట్లో తేలాను. ఆకలేసి టాకోలు తీసుకున్నాను. అరచేతంత మొక్కజొన్న రొట్టె, పైన చికెన్, ఉల్లిముక్కలు, కొత్తిమీర, పక్కన నిమ్మచెక్క. రొట్టె ఒక్కటి తీసేస్తే మన మిర్చిబండే. పచ్చరంగు చట్నీ మాత్రం చూసి వేసుకోండి, నేను చూడకుండా వేసుకున్నాను.

నా కళ్లనీళ్లు చూసి పక్కబల్ల పెద్దాయన మంచినీళ్లు జరిపాడు. ఒంటిమీద నెమలికంఠం రంగు జెర్సీ, దానిమీద హాకీ కర్రను కొరికేస్తున్న సొరచేప. మన పట్టుచీరల రంగు ఇక్కడ హాకీ జట్టుది. రేపు ఫిలడెల్ఫియాతో ఆటకి నేనూ వస్తున్నానంటే నావైపు జాలిగా చూశాడు.

జాలి ఎందుకో లెక్క చెప్పాడు. శాన్‌హోసే షార్క్స్ ఈ సీజన్లో 11 ఆటలాడింది, ఒక్కటీ గెలవలేదు. కొట్టిన గోల్స్ 12, తిన్నవి 55. గురువారం ఇదే ఊళ్లో వాంకూవర్ 10-1తో, శనివారం పిట్స్‌బర్గ్ 10-2తో ఉతికి ఆరేశాయి. పోయిన సీజన్లో ఇక్కడే 101 పాయింట్లు చేసిన ఎరిక్ కార్ల్‌సన్‌ని ఆగస్టులో ఇచ్చేసింది ఆ పిట్స్‌బర్గ్‌కే. ఇంటల్లుడు వేరే పక్షాన పందెం కాసినట్టుంది, శనివారం వ్యవహారం.

నేనూ తక్కువవాణ్ణి కాదు, తెలుగు టైటాన్స్ అభిమానిని. 2021-22 ప్రో కబడ్డీలో మావాళ్లు 22 ఆటల్లో ఒక్కటే గెలిచారని చెప్పాను, కొంచెం గర్వంగానే. ఆయన చలించలేదు. "1992-93లో మేం 84 ఆడి 71 ఓడాం" అన్నాడు. అప్పటికి ఇక్కడి హాకీ హాలు కట్టడం పూర్తి కాలేదు. పశువుల ప్రదర్శనలకని కట్టిన కౌ ప్యాలెస్‌లో ఆడేవారట. నేను ఓటమి ఒప్పుకున్నాను.

కబడ్డీ ఎలా ఆడతారని అడిగాడు. మనవాళ్లు పాయింటు తెస్తే ఔటైనవాడు మళ్లీ కోర్టులోకి వస్తాడని చెబితే పగలబడి నవ్వాడు. వాళ్ల ఆటలో తప్పుచేసినవాణ్ణి రెండు నిమిషాలు గాజుగదిలో కూర్చోబెడతారు. ఈలోగా ఎదుటి జట్టు గోల్ కొడితే వెంటనే వదిలేస్తారు. అంటే మావాడు బయటికొచ్చాడని సంతోషించాలా, గోల్ పోయిందని ఏడవాలా? నాకిప్పటికీ తేలలేదు.

రేపు ఏమేం చూడాలో కూడా ఆయనే చెప్పాడు. కప్పునుంచి దిగే పెద్ద సొరచేప నోట్లోంచి, పొగలోంచి ఆటగాళ్లు మంచుమీదికి దూకుతారు. ఎదుటివాడు గాజుగదిలో ఉన్నప్పుడు 'జాస్' సినిమా సంగీతం మోగుతుంది, జనమంతా రెండు చేతులూ దవడల్లా తెరిచి మూస్తారు. టాకోల మధ్యే నాచేత నాలుగుసార్లు సాధన చేయించాడు.

"ఇంత ఓడినా ఎందుకొస్తారు?" అని అడిగాను.

"సీజన్ టికెట్టు కొనేశాను" అన్నాడు.

ఫ్రీవే వంతెన కిందుగా నడిచి హాలు చేరేసరికి మేనల్లుడు సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. ఈసారి నేనే పదినిమిషాలు ఆలస్యం.

మీరు వెళితే డిరిడాన్ స్టేషన్లోనే దిగండి, రోడ్డు దాటితే హాలు. బయట ఎండ చూసి మోసపోకండి, లోపల స్వెటరు కావాలి. అన్నట్టు, మర్నాడు రాత్రి షార్క్స్ 2-1తో గెలిచింది.