కడిగేవాళ్లున్నారని

చమురు తినే బ్యాక్టీరియా ఉన్నాయని మొదటిసారి చదివినప్పుడు, హమ్మయ్య అనుకున్నాను. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి దాదాపు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికింది. ఒడ్డున నత్రజని, భాస్వరం ఎరువులు చల్లితే అక్కడి బ్యాక్టీరియా పుంజుకుని చాలా చమురును తినేశాయి. అంతవరకూ నిజమే. కానీ గులకరాళ్ల కింద, గాలి ఆడని చోట చిక్కుకున్న చమురు 20 ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంది.

ఈ బ్యాక్టీరియాకూ ఒక హద్దుందని నాకు తెలిసొచ్చింది మాత్రం ఓ మురుగునీటి శుద్ధి కేంద్రంలో. అక్కడి ఆపరేటరు గాలి కొట్టే తొట్టిలోంచి గోధుమరంగు నీళ్లు లీటరు గాజు జాడీలో పట్టి బల్ల మీద పెట్టాడు. అరగంటలో మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి. "ఇది మంచిగున్న స్లడ్జ్ సార్. రాత్రిపూట ఎవరన్న కెమికల్ వదిలిన్రంటే పొద్దుగాల ఇట్ల దిగదు. బ్యాక్టీరియా చచ్చిపోతది, మళ్ల మొదట్నుంచి పెంచాలె" అన్నాడు.

చచ్చేవాటి సంగతి అది. బతికిపోయేవాటితో ఇంకో చిక్కు. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ కేంద్రంలోని బ్యాక్టీరియాలో చాలావాటికి ఎన్నో యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తి వచ్చిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మురికి తింటాయని మనం మేపినవే మన మందులకు లొంగకుండా తయారయ్యాయి. ఇక సీసం, పాదరసం లాంటివాటిని ఏ జీవీ అరిగించుకోలేదు. వాటి రూపమో, చోటో మారుతుందంతే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. ఆ సామెతలో తొక్కిందీ కడుక్కునేదీ ఒకరే. ఇక్కడ తొక్కేది ఫ్యాక్టరీ, అనుభవించేది వాగు పక్క బోరు మీద బతికే రైతు.

సూక్ష్మజీవుల మీద నాకు నమ్మకం పోలేదు. దశాబ్దాలుగా నేలలో ఇంకిన పాత విషం వదలాలంటే అవి కావాల్సిందే. కానీ కొత్తగా పోయడానికి పర్మిషన్ అడుగుతూ ఎవరైనా వాటి పేరు చెబితే, శుద్ధి సంగతి తర్వాత, ముందు ఎంత తగ్గిస్తారో చెప్పమంటాను.