సున్నాలు తీసేస్తే

ఫస్ట్ ఇయర్ సి ల్యాబ్‌లో కరెన్సీ కన్వర్టర్ రాయమన్నారు. అందరూ డాలర్, యూరో తీసుకుంటున్నారు కదా, మనం కాస్త వెరైటీ చూపిద్దామని నేను జైర్ తీసుకున్నాను. ఇప్పుడు డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో అంటున్న దేశం పేరు ఒకప్పుడు జైర్. అక్కడి డబ్బు పేరు కూడా జైరే. 1998లో వచ్చిన ఒక కాంగో ఫ్రాంక్‌కి ఎన్ని పాత జైర్లో లెక్క కట్టమంటే నా ప్రోగ్రామ్ -647710720 అని చూపించింది. మైనస్ అరవై నాలుగు కోట్లు! సార్ చూసి, "ఓవర్‌ఫ్లో అయిందిరా, అంత పెద్ద నంబర్ ఇంట్‌లో పట్టదు" అని నవ్వారు. లాంగ్ లాంగ్ పెట్టాక సరైన జవాబు వచ్చింది. 30,000 కోట్లు.

బగ్ పోయింది గానీ ఆ నంబర్ నన్ను వదల్లేదు. అన్ని సున్నాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

1967లో మొబుటు ప్రభుత్వం 1,000 ఫ్రాంక్‌లకి ఒక జైర్ చొప్పున కొత్త డబ్బు తెచ్చింది. అప్పుడు ఒక జైర్ అంటే 2 అమెరికా డాలర్లు! దేశానికి ఆ పేరు పెట్టింది 1971లో, అంటే డబ్బు తర్వాతే. ఆ తర్వాత విదేశీయుల వ్యాపారాలు లాక్కుని అయినవాళ్లకి పంచారు. దేశాన్ని పోషించే రాగి ధర పడిపోయింది. ఖజానా ఖాళీ అయినప్పుడల్లా నోట్లు అచ్చేశారు. చివరికి 50 లక్షల జైర్ల నోటు కూడా వచ్చింది.

1993 జనవరిలో సైనికులకి ఆ నోట్లతోనే జీతాలిచ్చారు. మొబుటుని ఎదిరించిన ప్రధానమంత్రి షిసెకెడి ఆ నోటు చెల్లదన్నారు. దుకాణాల వాళ్లు తీసుకోలేదు. జీతం చేతిలో ఉండి కూడా ఏమీ కొనలేని సైనికులు రాజధాని కిన్షాసాని లూటీ చేశారు.

అదే ఏడాది చివర్లో 30 లక్షల పాత జైర్లకి ఒక కొత్త జైర్ అన్నారు. 1998లో లక్ష కొత్త జైర్లకి ఒక ఫ్రాంక్. ఈ రెండూ గుణిస్తే వచ్చిందే నా 30,000 కోట్లు.

కానీ నా ప్రోగ్రామ్‌లో పట్టని విషయం ఇంకోటి ఉంది. షిసెకెడి సొంత ప్రాంతం కసాయ్ (పేరు చూసి కంగారు పడకండి, మన కసాయి కాదు). అక్కడి జనం కొత్త జైర్ మాకొద్దన్నారు. ప్రభుత్వం రద్దు చేసిన పాత నోట్లతోనే ఏళ్ల తరబడి కొనుక్కున్నారు, అమ్ముకున్నారు. చెల్లవన్న నోట్లు చెల్లాయి!

ఇది చదివినప్పుడు నానమ్మ గుర్తొచ్చింది. 2016లో నోట్ల రద్దప్పుడు నేను నాలుగో తరగతి. నాన్న ఇంట్లో ఉన్నవన్నీ బ్యాంకులో వేసేశారు. రెండేళ్ల తర్వాత నానమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో రెండు పాత అయిదొందల నోట్లు బయటపడ్డాయి. "ఇవి చెల్లవు నానమ్మా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. "మీ తాతయ్య ఇచ్చినవిరా, చెల్లకపోవడమేంటి?" అని మళ్లీ అదే మడతలో దాచేసింది. నేను నవ్వాను.

నోటు మీద అంకె వేసేది ప్రభుత్వమే. కానీ దాన్ని నడిపించేది చెయ్యి చాపి తీసుకునే అవతలి మనిషి. కసాయ్‌లో అలాంటి మనుషులు ఊళ్లకి ఊళ్లు ఉన్నారు. మా ఇంట్లో నానమ్మ ఒక్కతే.

ఇప్పుడు నానమ్మ లేదు. నోట్లు ఆ చీర మడతలోనే ఉన్నాయి. ఆ రోజు నవ్వకుండా, "ఒకటి నాకివ్వు నానమ్మా" అని చెయ్యి చాపి ఉండాల్సింది.