పాట ఎవరిదని రాయాలి?

మా బ్యాండ్‌కి ఇప్పటికీ పేరు లేదు. పేరు పెట్టుకునేంత సీన్ మనకి లేదులే అని మొదట్లోనే వదిలేశాం. మొత్తం నలుగురం. నాది గిటార్, అదీ ఇంజినీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ని బతిమాలి నేర్చుకున్నది. చర్చిలో కీబోర్డ్ వాయించే ఫ్రెండ్ ఒకడు. ట్యూషన్లో లెక్కలు చెబుతూ, భజనల్లో గొంతెత్తి పాడే మా బావ ఒకడు. నాలుగోవాడు నా చిన్నప్పటి క్లాస్‌మేట్. కరెంటు పనులు చేస్తాడు. పెళ్లిళ్లకీ, జాతరలకీ, చావులకీ డప్పు వాయిస్తాడు. వాళ్ల నాన్న కూడా అదే, తాత కూడా అదే.

2020లో కరోనా వచ్చి ఆఫీసు మూసేస్తే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని జి. కొండూరు వచ్చేశాను. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. మా మామిడి తోటలో కాపలా పాక దగ్గర మాత్రం రెండు గీతలు ఎక్కువ వస్తాయి. పొద్దున అక్కడే మీటింగులు, సాయంత్రం అక్కడే గిటార్. హాస్టల్లో గిటార్ పట్టిన ప్రతివాడూ ముందు నేర్చుకునే పాట ఒకటుంది కదా, జాన్ డెన్వర్ ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’. 1971 నాటి పాట. నేనూ అదే వాయించేవాణ్ణి.

ఒకరోజు బావ విని అడిగాడు, “ఏ రకం పాట్రా ఇది?”

“కంట్రీ మ్యూజిక్.”

“కంట్రీ కోడి అంటే నాటుకోడి. అయితే కంట్రీ మ్యూజిక్ అంటే నాటు పాటే కదరా. దానికి అమెరికా దాకా ఎందుకు?”

జోకుగానే అన్నాడు. బ్యాండ్ మాత్రం ఆ జోకు నుంచే మొదలైంది. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ వాళ్లు ‘ఊరెళ్లిపోతా మామ’ అని పాడితే సిటీలో ఉన్న మాలాంటివాళ్లంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఊరు తలుచుకున్నారు. ఆ గొంతు రామ్ మిరియాలది. తర్వాత ‘చిట్టి’, ‘డీజే టిల్లు’ పాటలతో ఆయన అందరికీ తెలిశాడు. వాళ్లకి అయింది మనకెందుకు కాదు అనుకున్నాం. పైగా మేం ఊళ్లోనే ఉన్నాం.

పాటలేమో మా దగ్గర లేవు. డప్పు వాయించే మావాడి మామ్మ దగ్గర ఉన్నాయి.

మామ్మ ఏటా మా తోటకి కాయ కోతకి వచ్చేది. చిక్కం కర్రతో మగవాళ్లు కాయ దించుతుంటే, ఆడవాళ్లు నీడలో కూర్చుని రసాలు, బంగినపల్లి వేరు చేసి ట్రేలల్లో సర్దేవాళ్లు. సాయంత్రానికి లోడు నున్న మార్కెట్‌కి వెళ్లిపోవాలి. ఆ తొందరలో కూడా మామ్మ పాడుతూనే ఉండేది. ఈదురుగాలికి రాలిన కాయ గురించీ, రాలినదానికి కూలి కోసిన ఆసామి గురించీ ఒక పాట. ఆ ఆసామి మా తాతలాంటివాడే. చిన్నప్పుడు ఆ పాట విని నేను తెగ నవ్వేవాణ్ణట. ఎవరి మీద పాడుతుందో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

నా గిటార్ విని ఓసారి అడిగింది, “ఆ ఇంగిలీషు పాటలో ఏం చెబుతున్నాడు బాబూ?”

“రోడ్డుని బతిమాలుతున్నాడు మామ్మా, నన్ను ఇంటికి తీసుకెళ్లు అని.”

“ఇంటికి దారి తెలీదా ఆయనకి?”

నాకు నవ్వొచ్చింది. తర్వాత చదివితే తెలిసింది. ఆ పాట ఊహ పుట్టింది వెస్ట్ వర్జీనియాలో కాదు, పక్కనున్న మేరీల్యాండ్ రోడ్డు మీద. మొదలుపెట్టిన బిల్ డానఫ్, టాఫీ నివర్ట్ ఇద్దరూ ఆ ఊళ్లవాళ్లు కారు. మామ్మ అడిగిన ప్రశ్న కరెక్టే.

మొత్తానికి రాలిన కాయ పాటని ఫోన్లో రికార్డు చేసుకుని, దానికి గిటార్, కీబోర్డ్ కలిపి, బావ చేత పాడించాం. ఆరు ఆదివారాలు పట్టింది. పెద్ద తలనొప్పి డప్పుతో వచ్చింది. మంట మీద కాచి వాయిస్తే ఆ మోతకి మాకున్న ఒకే ఒక్క మైకులో గిటార్ వినపడదు. “కొంచెం వెనక్కి వెళ్లరా” అన్నాను. వెళ్లాడు. “ఇంకొంచెం.” మళ్లీ వెళ్లాడు. చివరికి మూడో మామిడి చెట్టు దగ్గర నిలబెడితే సౌండ్ బ్యాలెన్స్ అయింది. వీడియోలో మేం ముగ్గురం స్పష్టంగా ఉన్నాం. వాడు చెట్టు వెనకాల సగం చెయ్యి, సగం డప్పు. అప్పుడు నాకు అది సౌండ్ సమస్యగానే అనిపించింది.

పాట అప్‌లోడ్ చేసే రాత్రి ఒక ఫారం వచ్చింది. పాడినవారు, సంగీతం, రచయిత. రచయిత దగ్గర ‘సాంప్రదాయ గీతం’ అని కొట్టాను. సంగీతం దగ్గర నా పేరు. గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి, చప్పట్లు కొట్టే ఎమోజీల కోసం చూస్తూ కూర్చున్నాను.

రెండు వచ్చాయి. మావాడి దగ్గర్నుంచి ఎమోజీ రాలేదు, ఒక మాట వచ్చింది.

“మా మామ్మ పేరు సాంప్రదాయమా?”

వెంటనే ఫోన్ చేశాను. మామ్మ కూడా వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందనీ, ఇలాంటి పాటలకి రచయిత ఉండడనీ, అందరూ ఇలాగే వేస్తారనీ ఏదేదో చెప్పాను. అంతా విన్నాడు.

“సరే మామా. రచయిత లేడు. మరి సంగీతం దగ్గర నీ పేరెందుకు ఉంది? ఆ వరస కూడా మామ్మదే కదా?”

నా దగ్గర జవాబు లేదు. కోపం వచ్చింది. “సరదాగా చేసుకునేదానికి ఇంత గొడవెందుకురా” అన్నాను.

“నీకు సరదా. ఆదివారం నాకు గిరాకీ ఉండే రోజు. రెండు వేలు వదులుకుని వస్తున్నా. ఆరు ఆదివారాలు వచ్చా. చెట్టు వెనకాల నిలబడమంటే నిలబడ్డా.”

ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండు వారాలు కూర్చుని రాసిన కోడ్‌ని ఇంకొకరు తన పనిగా డెమోలో చూపించుకున్నారు. ఎవరు రాశారో గిట్‌లో లైను లైనుకీ ఉంటుంది. అయినా ఆ మీటింగులో ఎవరూ తెరిచి చూడలేదు. నెల రోజులు కుమిలిపోయాను. ఆ కథ మావాడికి కనీసం నాలుగుసార్లు చెప్పుంటాను. ఇప్పుడు వాడికి నేను చేసింది ఏంటి?

చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో కంట్రీ మ్యూజిక్ చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది 1927లో బ్రిస్టల్ అనే ఊళ్లో జరిగిన రికార్డింగులతో మొదలుపెడతారు. అక్కడ వెలుగులోకి వచ్చిన కార్టర్ ఫ్యామిలీలో పెద్ద, ఏ.పి. కార్టర్. పాటల కోసం ఊరూరా తిరిగేవాడు. ఆయనతో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు కూడా వెళ్లేవాడు. కార్టర్ మాటలు రాసుకునేవాడు, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. టేప్ రికార్డర్ లేని కాలంలో ఆ మనిషే టేప్ రికార్డర్. తీరా రికార్డుల మీద చాలా పాటలకి రచయితగా ఏ.పి. కార్టర్ పేరు పడింది. రిడిల్ పేరు ప్రపంచానికి తెలియడానికి 1960ల దాకా పట్టింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గర 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో సారంగదరియా పాట వచ్చినప్పుడు ఏం జరిగింది? పాట జనానిదే. కానీ దాన్ని వెలుగులోకి తెచ్చింది ఎవరు, ఆ పేరు ఎక్కడ అని ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను కూడా ఏదో ఒక పోస్టు కింద ‘క్రెడిట్ ఇవ్వాల్సిందే’ అని కామెంట్ పెట్టాను.

చట్టం ఏం చెబుతుందో కూడా చూశాను. 1957 కాపీరైట్ చట్టంలో జానపద పాటకి విడిగా యజమాని అంటూ ఎవరినీ చెప్పలేదు. కానీ పాడినవాళ్లకి తమ గానం మీద హక్కు ఉంది, అదీ 50 ఏళ్లు. అది చదివాక నా వాదన మొత్తం కూలిపోయింది. పాట ఎవరు కట్టారో తేలకపోవచ్చు. నా ఫోన్లో ఉన్న గొంతు ఎవరిదో మాత్రం నాకు తెలుసు.

మర్నాడు అప్‌లోడ్ తీసేసి వాళ్లింటికి వెళ్లాను. చిన్నప్పటి నుంచీ వాళ్ల వీధి దాకా వెళ్లినవాణ్ణే కానీ, లోపలికి వెళ్లి కూర్చోవడం అదే మొదటిసారి. అది కూడా ఆ రోజే గుర్తొచ్చింది. మావాడు కుర్చీ వేశాడు, మాట్లాడలేదు. మామ్మకి విషయం చెప్పాను.

ఆవిడ మొదట అడిగింది ఇదీ, “డబ్బులు వస్తాయా బాబూ?”

“ఇప్పుడైతే రావు మామ్మా. వస్తే ఐదు వాటాలు. మేం నలుగురం, నువ్వు.”

“కాయితం మీద రాయి.”

రాశాను. నోట్‌బుక్ పేజీ మీద అందరం సంతకాలు పెట్టాం, మామ్మ వేలిముద్ర వేసింది. తర్వాత నేను ఇంకో మైకు కొన్నాను. డప్పుకి ఒక మైకు, మిగతావాటికి ఒకటి. రిహార్సల్ ఆదివారం నుంచి మంగళవారానికి మార్చాం. మంగళవారం పెళ్లిళ్లు ఉండవు కాబట్టి వాడికి గిరాకీ పోదు. “చావుకి మాత్రం మంగళవారం తెలీదు, అప్పుడు రాను” అని ముందే చెప్పాడు. మంగళవారం సాయంత్రం నాకు క్లయింట్ కాల్ ఉంటుంది. దాన్ని జరిపించుకోవడానికి మేనేజర్‌ని మూడుసార్లు అడగాల్సి వచ్చింది. మూడుసార్లు అడగడానికే ఇంత ఇబ్బందిపడ్డాను, వాడు ఆరు ఆదివారాలు ఒక్క మాట అనలేదు.

పాట మళ్లీ రికార్డు చేశాం. ఈసారి మొదటి చరణం మామ్మే పాడింది. డప్పు నా పక్కనే మోగింది. నా గిటార్ రెండుసార్లు తాళం తప్పితే వాడు నా వైపు చూసి వేగం తగ్గించాడు. ఇంతకుముందు తగ్గించలేదని కాదు, చెట్టు వెనకాల ఉంటే నాకు కనపడలేదు.

వ్యూస్ ఇప్పటికి 1,312. అందులో రెండొందలు మా బంధువులవే. డబ్బులు సున్నా.

చివరిగా ఆ ఫారం గురించి. ఈసారి మామ్మని పక్కన కూర్చోబెట్టుకుని నింపాను. పాడినవారి దగ్గర ఆవిడ పేరు చేరింది. ‘సేకరణ’ అని నా పేరు వేసుకోబోతే మావాడు నవ్వాడు, “సేకరించింది మామ్మ, నువ్వు రికార్డు చేశావు.” అలాగే రాశాను. రచయిత దగ్గరికి వచ్చేసరికి మామ్మ వాళ్లమ్మ పేరు చెప్పింది. ఆవిడ చనిపోయి చాలా ఏళ్లయింది. ఫారం ఒప్పుకోలేదు, ఇంటిపేరు కూడా కావాలంది.

“ఇంటిపేరు ఏంటి మామ్మా?”

“పుట్టింటిదా, అత్తింటిదా?”

“ఏదైనా పర్లేదు.”

మామ్మ కాసేపు ఆలోచించింది.

“పాట పుట్టింటి నుంచే తెచ్చుకుంది మా అమ్మ. ఆ పేరే రాయి.”