పద్నాలుగేళ్ల గుమ్మం దగ్గర

కనుమ వెళ్లిందంటే మా గుంటూరు, ప్రకాశం వైపు మిరప కోతల సందడి మొదలవుతుందని మీకు తెలుసు కదండీ. చేలన్నీ ఎర్రబడతాయి, కోతకు మనుషులు చాలరు. అప్పుడు ఆదోని, కోసిగి, మంత్రాలయం దిక్కు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఆటోల్లో, లారీల్లో దిగుతాయి. తట్టాబుట్టా, గిన్నెలు, పిల్లలు అన్నీ వెంటే. దాన్ని వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. చేల గట్ల మీద గుడారాలు లేస్తాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) కొండల్లా కనబడుతున్నాయంటే అది ఈ చేతుల చలవే.

అమ్మానాన్న పొద్దున్నే చేలోకి దిగితే చంటివాణ్ణి ఎత్తుకునేదెవరు? పదేళ్ల అక్క. ఇంకాస్త పెద్దదైతే తనూ ఒక సాలు పట్టుకుంటుంది. చాలాచోట్ల కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి ఆ చిన్న వేళ్లు కోసిన కాయ కూడా ఇంటి లెక్కలోకి వస్తుంది. ఊరి బడిలో ఆ పిల్ల పేరు మాత్రం అలాగే ఉంటుంది. వేసవి ముంగిట తిరిగొచ్చేసరికి పాఠాలన్నీ దాటిపోయి ఉంటాయి. రెండేళ్లు ఇలా గడిచాక ఆ పిల్లకు బడికి వెళ్లడమే సిగ్గనిపిస్తుంది.

మనవాళ్లలో మంచి మనసున్నవాళ్లకు కొదవ లేదు. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చినవాళ్లు, ఊళ్లో రిటైరైన మాస్టార్లు, యార్డు దగ్గర వ్యాపారం చేసుకునేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "ఒక పేదపిల్లను చదివించాలనుంది, నెలకు ఎంతవుతుంది?" నేను వెంటనే "ఏ వయసు పిల్ల?" అని అడుగుతాను. ఎందుకో చెప్పనివ్వండి.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు హామీ ఇస్తుంది. అంటే ఎనిమిదో తరగతి దాకా. ఇక బాలకార్మిక చట్టం సంగతి. 2016 సవరణ తర్వాత అది 14 నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమంటుంది, కుటుంబ పనుల్లాంటి మినహాయింపులు పోను. 14 దాటినవాళ్లకు ప్రమాదకరమైన పనులే నిషేధం. చూశారా, రెండు చట్టాలూ ఒకే ఏడు చేతులు వదిలేస్తున్నాయి. సరిగ్గా ఆ వయసుకే పిల్లకు పెద్దవాళ్ల కూలి రావడం మొదలవుతుంది. పెళ్లి మాట కూడా అప్పుడే ఎత్తుతారు. చదువు తెగిపోయే చోటు అదండీ. మనం నిలబడాల్సింది ఆ గుమ్మం దగ్గర.

ఈ నేల మీద అలా నిలబడ్డ మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన శిష్యుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. మూడు రూపాయల పరీక్ష ఫీజుకు ఆ తల్లి పట్టుచీర తాకట్టు పెట్టాల్సివచ్చింది. అప్పుడు ఆదుకున్నది ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు. చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు. ఆయన రాజమండ్రికి మకాం మార్చినప్పుడు "ఇక్కడితో నా పని అయింది" అనుకోలేదు, కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి చదివించారు. ఆ కుర్రవాడే వకీలై, లండన్‌లో బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన పేరే ఇప్పుడు ఒంగోలు ఉన్న జిల్లాకు ఉంది. చదివించిన మాస్టారి పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? మన పాఠాల్లో ఆ పేరు కూడా ఉండాలి.

ఆ కాలంలో వారాలు చేసుకుని చదువుకోవడమూ ఉండేది. ఏడు ఇళ్లు తలా ఒక రోజు అన్నం పెడితే ఒక కుర్రాడి చదువు సాగేది. మంచి ఆచారమే, కానీ ఆడపిల్లలకు ఆ గడప లేదు, దళితవాడల పిల్లలకు అసలే లేదు. వాళ్ల కోసం వేరే తలుపులు తెరవాల్సివచ్చింది. 1866లో ఒంగోలు వచ్చిన క్రైస్తవ మిషనరీ క్లౌ దొర సముద్రాల అవతలి చందాలతో పల్లెల్లో బడులు పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువుతోపాటు నీడా ఇచ్చారు. 1972లో తాడికొండ గురుకులం వచ్చింది. తిండి, బస, చదువు ఒకేచోట దొరికితే పేదింటి పిల్లలు ఎంత దూరం వెళ్లగలరో అది చూపించింది.

ఇక మీరేం చేయవచ్చో చెబుతాను. సర్కారు బడిలో ఫీజు లేదు. కట్టాల్సినవి వేరే ఉన్నాయి. సుగ్గికి పోయే ఇంట్లో అవ్వ ఊళ్లో ఉండిపోతే పిల్లలు ఆమె దగ్గర ఆగుతారు, ఆ మూడు నెలల బియ్యం, పప్పు, నూనె మీరు భరించండి. వలస వెళ్లే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ తెరిచిన ఊరైతే దానికి దుప్పట్లు, సాయంత్రం చదువు చెప్పే మనిషి కావాలేమో కనుక్కోండి. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఎన్.ఎం.ఎం.ఎస్. (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా కేంద్రం ఏడాదికి 12,000 రూపాయలిస్తుంది. సర్కారు, ఎయిడెడ్ బడుల్లో చదివే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలకు అది. దరఖాస్తు పెట్టించి, ఆదాయ ధ్రువపత్రానికి తిప్పి, బ్యాంకు ఖాతా తెరిపించే పెద్దదిక్కు లేకనే ఎందరో పిల్లలు దాన్ని పోగొట్టుకుంటున్నారు. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చేరే ఆ రెండు నెలలూ మరీ జాగ్రత్త. బస్సు చార్జీ, హాస్టల్ డిపాజిట్, నాలుగు జతల బట్టలు లేక ఇంట్లోనే ఆగిపోయిన పిల్లలున్నారు.

మిరప చేను మొదటి కోతతో అయిపోదని మీకు నేను చెప్పాలా? నీళ్లు పెడుతూ ఉంటేనే రెండో కోత, మూడో కోత. చదివించడమూ అంతే. ఒక ఏడు ఫీజు కట్టి వదిలేస్తే ఆ పిల్ల సగం దారిలో నిలబడిపోతుంది. పదిమందికి తలా కొంత పంచేకన్నా ఒక్క పిల్లను ఎనిమిది నుంచి డిగ్రీ దాకా పట్టుకోండి. మార్కులు తగ్గిన ఏడు కూడా పట్టుకునే ఉండండి, అసలు అప్పుడే మీ అవసరం ఎక్కువ.

ఇంకొక్క మాట. డబ్బిచ్చేటప్పుడు ఫోటోలొద్దు, స్టేజీ ఎక్కించొద్దు. తోటిపిల్లల ముందు చేయి చాపిన గుర్తు ఆ పిల్లకు జీవితాంతం ఉంటుంది. అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. పిల్ల కూలి వదులుకోవడం వాళ్ల త్యాగం, అది మన చందాకన్నా పెద్దదని వాళ్లకు చెప్పండి.

ఈసారి సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఒక పూట మీ హైస్కూలుకు వెళ్లండి. హెడ్మాస్టరుగారి దగ్గర కూర్చుని, పోయిన ఏడు ఫిబ్రవరిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి మానేసినవాళ్లెవరో అడగండి. ఆయన చెప్పే పేర్లలో ఒకటి మీరు తీసుకోండి. డిగ్రీ పట్టా చేతికొచ్చే దాకా ఆ పూచీ మీదే.