గుంపు ముందు, గురి తర్వాత

షూటింగ్ అనగానే అందరూ గురి గురించే మాట్లాడతారు. కానీ రేంజ్‌లో మొదట చూడాల్సింది గుంపు. ఐదు పెల్లెట్లు కాలిస్తే అవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయి అన్నదే గుంపు. ఆ గుంపు టార్గెట్ మధ్యకు ఎంత దూరంలో ఉంది అన్నది వేరే లెక్క. మొదటిది మనిషి పనితనం, రెండోది ఒక స్క్రూ పని. ఈ రెండిటినీ కలిపేసి మార్కులు వేస్తే ఏమవుతుందో పోయిన సెమిస్టర్‌లో కళ్ళారా చూశాను.

మేం ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఇందులోనే. పెల్లెట్ మందం 4.5 మిల్లీమీటర్లు. పది పాయింట్ల చుక్క అడ్డంగా కొలిస్తే అర మిల్లీమీటరే. ఈ పోటీలో టెలిస్కోప్ వాడనివ్వరు. కంటి దగ్గర చిన్న రంధ్రమున్న సైటు, బారెల్ చివర ఒక రింగు, అంతే. కంటి దగ్గరి సైటుకు రెండు మరలు ఉంటాయి. పైమర తిప్పితే దెబ్బ పైకో కిందికో జరుగుతుంది, అది ఎలివేషన్. పక్కమర తిప్పితే కుడికో ఎడమకో జరుగుతుంది, అది విండేజ్.

గుంటూరులో ప్రాక్టీస్‌కి వెళ్ళేటప్పుడు ఐదుగురికీ ఒకటే రైఫిల్. కాలేజీ టీమ్‌లో ఒకే ఖాళీ ఉంది. దానికోసం ఇద్దరు పోటీ. ఒకబ్బాయికి వచ్చినవి 10, 9, 8, 6, 5. మొత్తం 38. ఫస్టియర్ అమ్మాయి ఒకామెకి 8, 7, 7, 7, 6. మొత్తం 35. స్కోరు చూస్తే అబ్బాయే. కానీ కాగితం చూస్తే అతని పెల్లెట్లు చల్లిన విత్తనాల్లా అన్ని వైపులా ఉన్నాయి. ఆమెవి మాత్రం చుక్కకు సరిగ్గా కింద, 8 మిల్లీమీటర్ల దూరంలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. అంతకుముందు ఆ రైఫిల్‌ని వేరే పొడుగబ్బాయి కంటికి సెట్ చేశారు. చెంప ఆనించే చోటు, కన్ను ఉండే ఎత్తు మనిషి మనిషికీ మారతాయి. ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి పనికిరానట్టే ఇదీ.

ఆమెది పర్చూరు వైపు పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నేనేమో ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. సార్ నన్ను సైటు సంగతి చెప్పమన్నారు. "ఎలివేషన్ అప్ చేయాలి" అన్నాను. వెంటనే అడిగింది: "పైకంటే ఏది పైకన్నా? పెల్లెట్టా, సైటా, తుపాకీ మూతా?"

ఆ ప్రశ్న ఎంత సరైనదో మర చూస్తే తెలుస్తుంది. మామూలు స్కోపుల మీద 'అప్' అని బాణం గుర్తు ఉంటే అటు తిప్పితే దెబ్బ పైకి జరుగుతుంది. మా సైటు జర్మనీది. దాని మీద 'హెచ్' అక్షరం ఉంది. ఇంగ్లీషులో చదివితే 'హై' అనిపిస్తుంది, పైకి జరుగుతుందనుకుంటాం. కానీ అది జర్మన్‌లో 'హోఖ్‌షుస్'కి గుర్తు, అంటే దెబ్బ పైన తగిలిందని. పైన తగిలితే ఇటు తిప్పు అని అర్థం. తిప్పితే దెబ్బ కిందికి దిగుతుంది! ఒక్క అక్షరం, రెండు అర్థాలు, అదీ పూర్తిగా ఎదురెదురు. అక్కడ నా ఇంగ్లీషు మీడియం ఏమీ అక్కరకు రాలేదు.

అందుకే తెలుగులో మొదటి నుంచి మొదలుపెట్టాం. చూపు తిన్నగా పోతుంది, పెల్లెట్ పోదు. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్ళినా 10 మీటర్లలో సుమారు 1.7 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. అందుకే బారెల్ కొంచెం పైకి చూస్తూ ఉండాలి. ఇంకా నేను పూర్తి చేయకముందే ఆమె అందుకుంది. "పైపుతో దూరంగా ఉన్న మిరప మొక్కకి నీళ్ళు పట్టాలంటే మొక్కకేసి పట్టం కదన్నా, కాస్త ఎత్తి పడతాం." అంతే! వెనక సైటు పైకి లేపితే మనం గురి కుదరడానికి బారెల్ మూతి ఎత్తుతాం, దెబ్బ పైకి వెళ్తుంది.

తర్వాత జీరో చేయడం. దానికీ ఆమె దగ్గర మాట ఉంది. "యార్డులో టిక్కీ ఎక్కించే ముందు కాటా సున్నా దగ్గరుందో లేదో మా నాన్న చూస్తాడు. ఇదీ అదే కదా?" అదే. సున్నాలో లేని కాటా మీద ఎంత మంచి మిరపకాయ పెట్టినా రైతుకే నష్టం.

పని ఇలా చేశాం. మర ముట్టుకునే ముందు ప్రతిసారీ రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. ముందు ఐదు కాల్చి గుంపు నడిమధ్య ఎక్కడో గుర్తు పెట్టాలి. ఒక్క పెల్లెట్ చూసి మర తిప్పకూడదు. తర్వాత పది క్లిక్కులు తిప్పి, మళ్ళీ కాల్చి, గుంపు ఎంత జరిగిందో స్కేలుతో కొలవాలి. మాకు రెండున్నర మిల్లీమీటర్లు జరిగింది, అంటే క్లిక్కుకి పావు మిల్లీమీటరు. మొత్తం 8 మిల్లీమీటర్లకి 32 క్లిక్కులు. పది అయిపోయాయి, మిగిలినవి 22. ఆ తర్వాత ఐదు కాల్చింది: 10, 10, 10, 9, 9. మొత్తం 48.

అబ్బాయికి కూడా న్యాయంగా జీరో చేసి చూశారు. ఎటు తిప్పినా పెద్దగా మారలేదు, విడివిడిగా పడేవాటికి ఒక మర సరిపోదు. అతను ఇప్పుడు ఊపిరి, ట్రిగ్గర్ మీద పని చేస్తున్నాడు. సార్ మాత్రం అప్పటినుంచి మొదట గుంపు కొలిచి, తర్వాతే స్కోరు రాస్తున్నారు.

మెషీన్ లెర్నింగ్‌లో బయాస్, వేరియన్స్ చెప్పేటప్పుడు ఇదే టార్గెట్ బొమ్మ వేస్తారు. పరీక్షలో రాసేసి మర్చిపోతాం. కానీ వైవాలో చూడండి. విషయం మొత్తం తెలిసి, ఇంగ్లీషు దగ్గర తడబడే తెలుగు మీడియం వాళ్ళ జవాబులన్నీ ఒకే చోట, చుక్కకు కాస్త కింద పడుతుంటాయి. మనం 35 వేసేసి పంపిస్తున్నాం. వాళ్ళకి కావాల్సింది జాలి కాదు, 32 క్లిక్కులు. ఆ మర తిప్పే ఓపిక మనలో ఎంతమందికి ఉంది?